బండి వెనక పెట్టె, ఇంటిల్లిపాది లెక్క



ఈ నెల ఒక సోదరి ఉత్తరంలో అడిగిన ప్రశ్నను తీసుకుంటున్నాను. ఆమె భర్త ఊరూరా తిరిగి మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు బాగు చేస్తారు. ఇంతకాలం పనిముట్ల సంచిని పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకొని తిరిగారు. ఇప్పుడు మూత, తాళము ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొన్నారు. దానిని మోటారు సైకిలు వెనక క్యారియర్ మీద బిగించాలని ఉన్నారు. "ఆదివారం ఆయన, నేను, ఐదేళ్ల బాబు ఆ బండి మీదనే మందిరానికి వెళ్తాము. పెట్టె ఉంటే నా వీపుకు ఆనుడుగా ఉంటుందని ఆయన అంటున్నారు. నాకేమో భయముగా ఉన్నది. బిగించుకోవచ్చునా, వద్దంటారా?" అని ఆ సోదరి అడిగారు.

బిగించుకోవచ్చునమ్మా. ఆ పెట్టె వలన మీ ఆయనకు మేలే. ట్యాంకు మీద సంచి హ్యాండిలుకు అడ్డము వచ్చే బాధ పోతుంది. వానకు పనిముట్లు తుప్పు పట్టవు. సంతలో బండి నిలిపి వెళ్లినా తాళము ఉంటుంది. అయితే పెట్టె కొనేవారు అందులో ఎంత సామాను పడుతుందో చూస్తారు గాని, ఆ సామాను బండి మీద ఏ చోట కూర్చుంటుందో చూడరు. మీ భయానికి జవాబు ఆ చోటులోనే ఉన్నది. గనుక ముందు దానిని చూద్దాము, ఆ తరువాత బిగించే పద్ధతి చూద్దాము.

కావడి లెక్క

కావడి మోసేవానిని చూడండి. భుజము మీద బద్ద, ముందొక బుట్ట, వెనకొక బుట్ట. వెనక బుట్టలో బరువు పెంచితే ముందు బుట్ట పైకి లేస్తుంది. మోటారు సైకిలుకు వెనక చక్రపు ఇరుసు ఆ భుజము వంటిది. బండి నడిపేవారు ఇరుసుకు ముందు కూర్చుంటారు. వెనక కూర్చునేవారు ఇంచుమించు ఇరుసు మీదనే ఉంటారు. పెట్టె మాత్రము ఇరుసు దాటి వెనక వ్రేలాడుతుంది. అందులో వేసిన ప్రతి కిలో వెనక చక్రాన్ని నొక్కడముతో ఆగదు, ముందు చక్రాన్ని పైకి లేపుతుంది.

అంకెలలో చూద్దాము. మన చిన్న మోటారు సైకిళ్లకు రెండు ఇరుసుల మధ్య దూరము ఇంచుమించు 1,250 మిల్లీమీటర్లు ఉంటుంది. పెట్టె నడిమి భాగము వెనక ఇరుసుకు 500 మిల్లీమీటర్లు వెనకగా ఉన్నదనుకొనండి. పెట్టె, సామాను కలిపి 10 కిలోలైతే వెనక చక్రము మీద పడే బరువు 14 కిలోలు. ముందు చక్రము మీద నుండి 4 కిలోలు తగ్గిపోతాయి. అదే 15 కిలోలైతే వెనక 21 పెరుగుతాయి, ముందు 6 తగ్గుతాయి. పెట్టె నడిమి భాగాన్ని 100 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే ఆ 6 కాస్తా 4.8 అవుతుంది. పెట్టెను వీలైనంత ముందుకు బిగించమని చెప్పడానికి కారణము ఇదే.

నాలుగు, ఆరు కిలోలు ఒక లెక్కా అని అనుకోవద్దు. బండి మలుపు తిరిగేది, ముందు బ్రేకు పట్టేది ఆ ముందు టైరు నేలను గట్టిగా అంటుకొని ఉండబట్టే. అది తేలికైతే ఇసుకలో, బురదలో, గట్టు ఎక్కేటప్పుడు హ్యాండిలు మన మాట వినదు. కొన్ని బండ్లకు వేగము తగ్గే సమయములో హ్యాండిలు అటు ఇటు దడదడ ఊగడము మొదలౌతుంది. అలా ఊగితే కంగారుపడి గట్టిగా బ్రేకు వేయకూడదు. హ్యాండిలును బిగపట్టక నిబ్బరముగా పట్టుకొని, యాక్సిలేటరు మెల్లగా వదలి, బండిని దానంతట అదే నెమ్మదించనివ్వాలి. ఆ తరువాత పెట్టెలో బరువు తగ్గించి, టైర్లలో గాలి, హ్యాండిలు కోన్‌సెట్టు చూపించుకోవాలి.

లీటర్లు వేరు, కిలోలు వేరు

పెట్టెల మీద 30 లీటర్లు, 45 లీటర్లు అని వ్రాసి ఉంటుంది. అది చోటు లెక్క. ఎంత బరువు మోయవచ్చునో వేరే వ్రాసి ఉంటుంది. 45 లీటర్ల పెట్టెలో బియ్యము నింపితే 35 కిలోల దాకా పడతాయి. ఆ పెట్టెకు అనుమతించిన బరువు మాత్రము పది కిలోలు దాటకపోవచ్చును.

ఈ పెట్టెలలో పేరు పొందిన గివి అనే ఇటలీ కంపెనీ సంగతి చూడండి. మోటారు సైకిలు పందెములలో పాల్గొన్న జుసెప్పె విసెంజి అనే ఆయన 1978లో దానిని స్థాపించారు. ఆయన పేరులోని మొదటి అక్షరములే ఆ కంపెనీ పేరు. పందెపు బండ్లు నడిపిన మనిషి పెట్టిన ఆ కంపెనీ తన పెద్ద పెట్టెలకు కూడా సాధారణముగా వేసే పరిమితి పది కిలోలే. పెట్టె తగిలించి గంటకు 120 కిలోమీటర్లు దాటవద్దని కూడా చెబుతుంది. పెద్ద పెద్ద బండ్ల కొరకు చేసిన పెట్టెకే ఆ హద్దు ఉన్నప్పుడు మన చిన్న బండి క్యారియరుకు ఇంకా తక్కువ ఉండడములో వింత లేదు.

గనుక మూడు చోట్ల మూడు అంకెలు వెదకండి. మొదటిది పెట్టె మీది అంకె. రెండవది క్యారియర్ మీది అంకె. మూడవది బండి పుస్తకములో మనుషులు, సామాను అంతా కలిపి వేసిన మొత్తము. మూడింటిలో ఏది ముందు అడ్డుపడితే అదే మీ హద్దు. క్యారియర్ పది కిలోలు మోస్తుందంటే పెట్టె సొంత బరువు, దాని క్రింది ప్లేటు బరువు కూడ ఆ పదిలోనివే. ఖాళీ పెట్టెయే మూడు నాలుగు కిలోలు ఉంటుంది.

ఉదాహరణకు బండి పుస్తకములో మొత్తము 130 కిలోలు అని ఉన్నదనుకొనండి. భర్త 70, భార్య 55. రెండూ కలిసి 125. మిగిలినవి ఐదే కిలోలు. ఖాళీ పెట్టె నాలుగు తీసుకుంటే ఒక్క కిలో మిగులుతుంది. రెండు వానకోట్లకు, నీళ్ల సీసాకే ఆ కిలో సరిపోదు. ఆయన ఒక్కరే పనికి వెళ్లేటప్పుడు అదే బండి మీద బోలెడంత మిగులు ఉంటుంది. అప్పుడు క్యారియర్, పెట్టె వేసిన హద్దే ఆయనకు హద్దు. మనము మనుషులను ఒక లెక్క, సామానును ఒక లెక్క అనుకుంటాము. బండికి రెండూ ఒకటే.

బిగించే విధము

పనికి కావలసినవి: పది నంబరు స్పానర్లు రెండు, పెట్టెతో వచ్చిన అలెన్ కీ, స్క్రూడ్రైవరు, కొలత టేపు, కొంచెము రబ్బరు. పాత సైకిలు ట్యూబు ముక్కలైనా చాలును.

మొదట క్యారియరును పరీక్షించండి. అది బండి ఛాసీకి బోల్టులతో బిగించినదా, లేక ప్లాస్టిక్ భాగాలకు తగిలించినదా? ఛాసీకి బిగించినదే పనికివస్తుంది. రెండు చేతులతో పట్టి ఊపండి. వెల్డింగు అతుకుల దగ్గర రంగు చిట్లినా, తుప్పు గీత కనబడినా ఆ క్యారియర్ మార్చవలసినదే. పెట్టె కొరకని ఛాసీకి కొత్తగా వెల్డింగు చేయించవద్దు. ఆ వేడికి చుట్టూ ఉన్న ఇనుము గుణము మారి బలము తగ్గవచ్చును. మీ బండి మోడలుకు తగిన క్యారియరే దొరుకుతుంది, అడిగి తీసుకొనండి.

వెనక కూర్చునేవారు పట్టుకునే కడ్డీని, చీర చక్రములో పడకుండా ఉండే జాలీని తీసివేసి ఆ బోల్టులకు క్యారియర్ తగిలించే అలవాటు కొందరికి ఉన్నది. అది తగదు. ఆ రెండూ ఉండాలని మోటారు వాహనముల నియమావళే చెబుతుంది. చీర కట్టుకొని ప్రక్కకు కూర్చునే మన ఆడవారికి అవి ప్రాణరక్షణ.

తరువాత అడుగు ప్లేటు. పెట్టెకు నేరుగా రంధ్రాలు వేసి బోల్టులు బిగిస్తే వాన నీరు లోపలికి దిగుతుంది, రంధ్రము చుట్టూ ప్లాస్టిక్ చిట్లుతుంది. గనుక ప్లేటుతో వచ్చే పెట్టెనే కొనడము మంచిది. ప్లేటు క్యారియరుకు శాశ్వతముగా ఉంటుంది, పెట్టె తాళము తీస్తే ఊడి చేతికి వస్తుంది. క్యారియర్ కడ్డీల మీద రబ్బరు ముక్కలు పరచి ప్లేటును ఉంచండి. రబ్బరు వలన అదురు తగ్గుతుంది, రంగు గీరుకొని పోదు.

ఇప్పుడు బోల్టులు బిగించక ముందే పెట్టెను ప్లేటుకు తగిలించి, వెనక కూర్చునేవారిని కూర్చోబెట్టండి. నడుముకు, పెట్టెకు మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచి, ప్లేటును అంతవరకు ముందుకు జరపండి. మూత పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూడండి. వెనక నుండి చూస్తే ఎర్ర లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు ఏదీ మరుగు పడకూడదు. పెట్టె ఎడమకో కుడికో ఒరగకుండా నడిమికి రావాలి. ఈ చోటును సుద్దతో గుర్తు పెట్టుకొనండి.

ప్లేటు క్రింద నాలుగు క్లాంపులు వస్తాయి. వాటిని దగ్గర దగ్గరగా కాక, నాలుగు మూలలకు వీలైనంత ఎడముగా పెట్టండి. మంచము కాళ్లు నాలుగూ నడిమికి చేర్చితే మంచము నిలవదు గదా! బోల్టు తల క్రింద వాషరు, అడుగున నైలాను పట్టు ఉన్న నట్టు వేయండి. ఆ నట్టు అదురుకు వదులు కాదు. ఊడదీసిన పాత నట్టును మళ్లీ వాడవద్దు, నైలాను అరిగి పట్టు పోతుంది. నాలుగింటిని ముందు చేతితో బిగించి, తరువాత స్పానరుతో ఒక మూల, దాని ఎదుటి మూల, ఇలా కొంచెము కొంచెముగా బిగించాలి. ఆరు మిల్లీమీటర్ల చిన్న బోల్టులు గనుక బలమంతా చూపిస్తే మరలు తెగుతాయి, ప్లాస్టిక్ పగులుతుంది. స్పానరును మొదట్లో కాక చివర పట్టి మోచేతి బలముతో నెడితే ఎక్కువై పోతుంది. మణికట్టు బలము చాలును.

అంతా అయ్యాక ఖాళీ పెట్టెను రెండు చేతులతో పట్టి పైకి లాగండి. పెట్టెతో కూడ బండి వెనక భాగము, షాకబ్జర్లు లేవాలి. పెట్టె మాత్రమే కదిలితే, టకటకమంటే బిగింపు చాలదు. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు నట్లను మళ్లీ చూడండి. ఆ తరువాత నెలకొకసారి చూస్తే చాలును.

సర్దుకునే విధము

బరువైనవి పెట్టె అడుగున, ముందు గోడకు ఆనించి పెట్టండి. తేలికవి పైన. లోపల దొర్లే వస్తువు ఏదీ ఉండకూడదు. మలుపులో సుత్తి ఒక ప్రక్కకు దొర్లితే బండి కూడ ఆ ప్రక్కకు లాగుతుంది. పాత తువాలును సందులలో కుక్కితే దొర్లదు, మోత ఉండదు. నిజానికి పనిముట్ల వంటి బరువు సామానుకు పెట్టె కంటె చక్రానికి రెండు ప్రక్కల వ్రేలాడే సంచులే మేలు. అవి ఇరుసుకు దగ్గరగా, క్రిందుగా ఉంటాయి. హెల్మెట్లు, వానకోట్లు, కాగితాలు, టిఫిన్ డబ్బా, మందుల సంచి వంటివాటికి పెట్టె తగినది. ఎండలో నిలిపిన పెట్టె లోపల బాగా వేడెక్కుతుంది గనుక ఇన్సులిను వంటి మందులను అందులో వదలి వెళ్లకూడదు.

వెనక బరువు పెరిగినప్పుడు బండి పుస్తకములో ఇద్దరికి చెప్పిన గాలిని వెనక టైరులో పెట్టించండి. వెనక షాకబ్జర్లకు మెట్లు ఉంటే ఒకటి రెండు మెట్లు గట్టి చేయించండి. వెనక క్రుంగితే హెడ్‌లైటు ఆకాశము చూస్తుంది. ఎదుటివారి కండ్లకు కొడుతుంది, మన ముందు గోతిని చూపదు. దానిని కూడ సరిచేసుకోవాలి. ఇంకొక మాట. పెట్టె ఉన్న బండి మీదికి కాలు వెనక నుండి తిప్పి ఎక్కబోతే పెట్టెకు తగిలి బండితో సహా పడతారు. మోకాలు మడచి సీటు మీదుగా కాలు దాటించే అలవాటు చేసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు బండి నిలిపే స్టాండు గట్టిగా వేసి మరీ ఎక్కాలి.

వీపుకు ఆనుడా?

ఇక సోదరి గారి అసలు భయము. పెట్టె ప్లేటుకు అంటి ఉండేది చిన్న కొక్కెము మీద. అది సామానును పట్టి ఉంచడానికి చేసినది, మనిషిని ఆపడానికి చేసినది కాదు. బండి ఒక్కసారి ముందుకు దూకితే 55 కిలోల మనిషి వీపు దాని మీద పడుతుంది. ఆ బలము ప్లేటు మీదుగా నాలుగు చిన్న బోల్టుల మీదకు వస్తుంది. కొన్ని పెట్టెలకు మెత్తని దిండు అమ్ముతారు, నడుము తేలికగా తాకడానికి అది హాయిగానే ఉంటుంది. అమ్మా, మీ చేయి మాత్రము కడ్డీ మీదనే ఉండాలి. పెట్టెను పట్టుకోవద్దు, పిల్లవానిని దాని మీద కూర్చోబెట్టవద్దు, నిలబెట్టవద్దు.

బాబు సంగతి కూడ చెప్పక తప్పదు. మోటారు వాహనముల చట్టము 128వ సెక్షను ప్రకారము నడిపేవారు కాక ఇంకొక్కరే బండి మీద ఉండాలి. 2019 సవరణలో దీనికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని పెట్టారు. నాలుగేళ్లు దాటిన పిల్లలందరికీ హెల్మెట్ తప్పదు. నాలుగేళ్లలోపు బిడ్డను తీసుకొని వెళ్తే నడిపేవారికి బిడ్డను కట్టే పట్టీ ఉండాలని, వేగము 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో చేసిన నియమము చెబుతుంది. పెట్టెల గురించి 2020లో వచ్చిన కేంద్ర నియమము కూడ తెలుసుకొనండి. వెనక సీటు మీదనే పెట్టె బిగిస్తే బండి మీద నడిపేవారొక్కరే ఉండాలి. సీటు వెనక బిగిస్తే రెండవ మనిషి కూర్చోవచ్చును. సంచులు, పెట్టెలు వేసుకొని ఇంటింటికి సరుకు చేర్చే మన యౌవనస్థులు, వారి తల్లిదండ్రులు దీనిని గుర్తుంచుకోవాలి.

ఒక బండి మీద ముగ్గురు వెళ్లడము మన ఊళ్లలో ఎంత మామూలో నాకు తెలియని సంగతి కాదు. ఆటో డబ్బులు ప్రతి ఆదివారము పెట్టడము చాలా ఇండ్లలో కష్టమే. అయినా ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ, వెనక పదిహేను కిలోల పనిముట్లు, ముందు తేలికైన చక్రము, ఎదురుగా ఇసుక లారీ: ఇవన్నీ ఒకేసారి కలిసిన రోజు మనకు లెక్క చూసుకునే సమయము ఉండదు. తండ్రి బిడ్డను తీసుకొని ముందు వెళ్లి, తల్లి పొరుగువారితో కలిసి ఆటోలో రావచ్చును. దగ్గరైతే రెండు సార్లు తిప్పవచ్చును. ఎలా వెళ్లినా ఆ పూట పెట్టె బండి మీద ఉండనక్కర లేదు. తాళము తిప్పి తీసి ఇంట్లో పెట్టడానికి నిమిషము పట్టదు. ఊడే పెట్టెను డబ్బిచ్చి కొన్నది అందుకొరకే గదా.

కాబట్టి పెట్టె ఉన్న ప్రతి ఇంటివారు ఈ వారము ఒక పని చేయండి. బియ్యపు కొట్టులోనో, రేషను దుకాణములోనో కాటా ఉంటుంది. మీరు రోజూ తీసుకొని వెళ్లే పెట్టెను ఉన్నది ఉన్నట్టుగా దాని మీద పెట్టి తూచండి. ఆ అంకెను ఒక చీటీ మీద వ్రాసి మూత లోపలి వైపున అంటించండి. దాని ప్రక్కనే క్యారియర్ మోసే అంకెను వ్రాయండి. మొదటిది రెండవదాని కంటె పెద్దదైతే ఏ వస్తువులు ఇంట్లో దిగాలో అక్కడికక్కడే తేల్చుకొనండి. ఏళ్ల తరబడి పెట్టె అడుగున పడి ఉన్న తుప్పు బోల్టులతోనే చాలామందికి ఒకటి రెండు కిలోలు తగ్గిపోతాయి.